జస్టిస్ థర్‌గుడ్ మార్షల్: వకాలత్ నుండి న్యాయపీఠం వరకు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతులును. రోజూ పిల్లలకు ఉర్దూలో పాఠం చెప్పే నోరు ఇది. కనుక నా తెలుగులో నాలుగు ఉర్దూ మాటలు దొర్లితే పెద్దమనసుతో సర్దుకోవాలని మనవి.

విద్యార్థులకు ఉపయోగపడే విషయం ఏదైనా మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. నేను అమెరికా దేశపు సుప్రీంకోర్టులో కూర్చున్న మొట్టమొదటి నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ గారి గురించి చెప్పదలచుకున్నాను. ఆయన గెలిచిన కేసుల గురించి చాలామంది వ్రాశారు. ఆయనను జడ్జీగా ఒప్పుకోవటానికి అక్కడి చట్టసభ ఎన్ని ప్రశ్నలు వేసిందో, ఎంత కాలం ఆపిందో, చివరకు ఎలా ఒప్పుకుందో మాత్రం తక్కువ మందికి తెలుసు. నా దృష్టిలో పిల్లలు నేర్చుకోవలసిన పాఠం అక్కడే ఉంది.

అక్కడి పద్ధతి

మన దేశంలో హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులను రాష్ట్రపతి నియమిస్తారు. రాజ్యాంగంలో 124, 217 అధికరణాలు ఈ సంగతి చెప్తాయి. దానికి పార్లమెంటులో గాని, శాసనసభలో గాని ఓటింగు ఉండదు. న్యాయమూర్తిని తొలగించవలసి వచ్చినప్పుడే పార్లమెంటు ఓటు వేస్తుంది. హైకోర్టు జడ్జీకి 62 ఏళ్ళకు, సుప్రీంకోర్టు జడ్జీకి 65 ఏళ్ళకు పదవీ విరమణ.

అమెరికాలో సంగతి వేరు. అక్కడ కేంద్ర న్యాయస్థానాలకు అధ్యక్షుడు పేరు సూచిస్తాడు, సెనేట్ ఆమోదించాలి. సెనేట్ అంటే మన రాజ్యసభ వంటిది. రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 50 రాష్ట్రాలకు 100 మంది సభ్యులు. ముందుగా సెనేట్ న్యాయ వ్యవహారాల కమిటీ ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తుంది. సవాలు, జవాబు రెండూ రికార్డులో ఎక్కుతాయి. ఆ తర్వాత సభలో ఓటింగు. అందులో నెగ్గితే బతికి ఉన్నంత కాలం ఆ పదవి ఆయనదే. తనంతట తాను దిగితే తప్ప, మహాభియోగం మీద తప్ప ఎవరూ దింపలేరు. అటువంటి పదవి గనుకనే ఇవ్వటానికి ఇష్టంలేని వాళ్ళు చివరి దాకా అడ్డుపడతారు.

ఇంటి నుండి మొదలైన చదువు

మార్షల్ గారు 1908 జూలై 2న మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ పట్టణంలో పుట్టారు. వారి ముత్తాత బానిస. తండ్రి విలియం రైళ్ళలోనూ, తరువాత తెల్లవారి క్లబ్బులోనూ నౌకరీ చేసినవాడు. తల్లి నార్మా గారు బడి పంతులమ్మ. పుట్టినప్పుడు పెట్టిన పేరు ‘థరోగుడ్’. అంత పొడుగు పేరు వ్రాయలేక చిన్న క్లాసులోనే దాన్ని తగ్గించి ‘థర్‌గుడ్’ చేసుకున్నాడు కుర్రవాడు.

బడిలో బాగా అల్లరి చేసేవాడట. అల్లరి చేసినప్పుడల్లా హెడ్‌మాస్టరు ఆ పిల్లవాడి చేతికి దేశ రాజ్యాంగం పుస్తకం ఇచ్చి, బడి కింది గదిలో కూర్చొని కంఠతా పట్టమని పంపేవారు. బడి వదిలే నాటికి రాజ్యాంగం మొత్తం నోటికి వచ్చిందని మార్షల్ గారే తరువాత చెప్పుకున్నారు. మనం కూడా పిల్లలకు శిక్షలు వేస్తాం గాని, ఇంత పనికివచ్చే శిక్ష నేనెక్కడా వినలేదు.

1930లో లింకన్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తయింది. లా చదవాలని కోరిక. సొంత ఊళ్ళోనే మేరీలాండ్ యూనివర్సిటీ వారి లా కాలేజీ ఉంది. కాని అందులో నల్లవారిని చేర్చుకోరు. కావున వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీకి రోజూ రైల్లో వెళ్ళి రావలసి వచ్చింది. ఫీజు కట్టటానికి తల్లి తన పెళ్ళి ఉంగరాన్ని, నిశ్చితార్థపు ఉంగరాన్ని కుదువ పెట్టింది. ఇక్కడ కూర్చున్న తల్లులకు ఈ సంగతి నేను విడమరచి చెప్పనక్కర లేదు.

హోవర్డ్‌లో ఆయనకు దొరికిన ఉస్తాద్ చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్. హార్వర్డ్‌లో చదివి వచ్చిన నల్లజాతి న్యాయవాది. చాలా కఠినమైన మనిషి. మీ కాగితంలో తప్పు ఉండరాదు అనేది ఆయన శిక్షణ. 1933లో మార్షల్ గారు క్లాసులో మొదటి స్థానంలో నిలిచి బయటికి వచ్చారు.

మూసిన తలుపు మీదనే మొదటి దావా

పేరుమోసిన మొదటి కేసు ఏమిటో చూడండి. డొనాల్డ్ ముర్రే అనే నల్లజాతి పట్టభద్రునికి మేరీలాండ్ లా కాలేజీ సీటు నిరాకరించింది. తనకు తలుపు మూసిన ఆ కాలేజీ మీదనే మార్షల్, గురువు హ్యూస్టన్‌తో కలిసి దావా నడిపారు. 1935లో కింది కోర్టు సీటు ఇమ్మన్నది, 1936 జనవరిలో రాష్ట్ర అప్పీలు కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

ఆ తరువాతి కేసు మా పంతుళ్ళకు సంబంధించింది. అదే మేరీలాండ్‌లో మాంట్‌గోమెరీ కౌంటీ అనే జిల్లా. అక్కడ విలియం గిబ్స్ అనే నల్లజాతి హెడ్‌మాస్టరుకు ఏడాదికి 612 డాలర్ల జీతం. అదే పని చేసే తెల్ల హెడ్‌మాస్టరుకు 1,475 డాలర్లు. పిల్లలు పిల్లలే, పాఠం పాఠమే. జీతం మాత్రం సగానికన్నా తక్కువ. మార్షల్ గారు దావా వేశారు. 1937లో జిల్లా వారు కోర్టు బయట రాజీకి వచ్చి జీతాలు సమానం చేయటానికి ఒప్పుకున్నారు. తరువాత మిగతా చోట్లా, వర్జీనియాలోనూ ఇదే పోరాటం. ఒక పంతులమ్మ కొడుకు పంతుళ్ళ పక్షాన నిలబడ్డాడు. ఇది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం మా స్టాఫ్‌రూములో అందరితో పంచుకున్నాను.

1944లో టెక్సాస్ కేసు. ఆ రాష్ట్రంలో అప్పుడు ఒకే పార్టీదే రాజ్యం. ఆ పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రాథమిక ఎన్నికలో నల్లవారికి ఓటు లేదు. అసలు ఎన్నిక ఆ ప్రాథమిక ఎన్నికలోనే తేలిపోతుంది గనుక ఓటు హక్కు ఉన్నా లేనట్టే. లోనీ స్మిత్ అనే దంత వైద్యుని పక్షాన మార్షల్ వాదించి సుప్రీంకోర్టులో గెలిచారు. ఈ కేసును గుర్తు పెట్టుకోండి, సెనేట్ దగ్గరికి వచ్చినప్పుడు దీనితో పని ఉంది.

ఈ పని కుర్చీలో కూర్చొని చేసింది కాదు. 1946లో టెనెసీ రాష్ట్రం కొలంబియాలో ఒక కేసు ముగించుకొని తిరిగి వస్తూంటే పోలీసులు ఆయన కారు ఆపారు. తాగి బండి నడిపాడని అబద్ధపు నేరం మోపి, తమ బండిలో ఎక్కించుకొని నది వైపు తీసుకుపోయారు. ఆ రోజుల్లో నది వైపు అంటే ఏమిటో అక్కడివారికి తెలుసు. తోటి వకీళ్ళు వెంటపడి వదలకపోవటంతో ఊళ్ళోకి తిప్పి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. మేజిస్ట్రేటు ఆయన ఊపిరి వాసన చూసి, ఈ మనిషి తాగలేదని వదిలేశాడు.

ఇక 1954 మే 17 నాటి బ్రౌన్ కేసు. దీనిలోని దావాల్లో ఒకటి సౌత్ కరోలినాలోని క్లారెండన్ కౌంటీది. మా పిల్లలు బడికి మైళ్ళ దూరం నడుస్తున్నారు, ఒక్క బస్సు ఇప్పించండి అని నల్లజాతి తల్లిదండ్రులు అడగటంతో అది మొదలైంది. అక్కడ ఏడాదికి తెల్ల పిల్లవాడి చదువుకు 179 డాలర్లు, నల్ల పిల్లవాడి చదువుకు 43 డాలర్లు ఖర్చు పెట్టేవారు. ఫిర్యాదు మీద సంతకం చేసిన హ్యారీ బ్రిగ్స్ అనే తండ్రి పని పోయింది, ఆయన భార్య పనీ పోయింది. ఇటువంటివారి వకాలత్ పట్టుకొని మార్షల్ గారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. బడుల్లో జాతిని బట్టి పిల్లల్ని వేరు చేయటం రాజ్యాంగ విరుద్ధమని తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. 1896 నుండి నడుస్తున్న ‘వేరైనా సమానమే’ అనే సిద్ధాంతం బడుల విషయంలో కూలిపోయింది. మొత్తం మీద ఆయన సుప్రీంకోర్టులో వాదించిన 32 కేసుల్లో 29 గెలిచారు.

మొదటి పరీక్ష: 1961–62

ఇంతటి వకీలును 1961 సెప్టెంబరులో అధ్యక్షుడు కెనెడీ అప్పీలు కోర్టు న్యాయమూర్తిగా సూచించారు. అది న్యూయార్కు, కనెక్టికట్, వెర్మాంట్ రాష్ట్రాల అప్పీళ్ళు వినే కేంద్ర న్యాయస్థానం. మన లెక్కలో చెప్పాలంటే హైకోర్టు స్థాయి అనుకోవచ్చు.

సెనేట్ న్యాయ కమిటీకి అప్పట్లో అధ్యక్షుడు మిస్సిసిపీకి చెందిన ఈస్ట్‌లాండ్. నల్లవారు తెల్లవారు ఒకే బడిలో కూర్చోరాదని బాహాటంగా చెప్పే మనిషి. ఆయన చేతిలో ఉన్న ఆయుధం ఆలస్యం. సభ విరామంలో ఉన్నప్పుడు అధ్యక్షుడు తాత్కాలికంగా నియమించవచ్చు అనే నిబంధన కింద మార్షల్ గారిని కుర్చీలో కూర్చోబెట్టారు గాని, సెనేట్ ఒప్పుకోకపోతే ఆ కుర్చీ నిలవదు. దాదాపు ఏడాది పాటు విచారణ ఆగుతూ సాగుతూ నడిచింది. ఆలోచించండి, ఒకవైపు రోజూ కోర్టులో కూర్చొని తీర్పులు వ్రాయాలి, మరోవైపు తన కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియదు. టెంపరరీ నౌకరీ చేసిన వారెవరికైనా ఆ బాధ తెలుసు. ఆయన మాత్రం కోపం తెచ్చుకొని మాట తూలలేదు, పని ఆపలేదు. చివరకు 1962 సెప్టెంబరు 11న సెనేట్ 54–16 ఓట్లతో ఆమోదించింది.

ఆ కోర్టులో ఆయన న్యాయపీఠం తరఫున వ్రాసిన తీర్పుల్లో ఒక్కదాన్ని కూడా సుప్రీంకోర్టు కొట్టివేయలేదు. 1965లో అధ్యక్షుడు జాన్సన్ పిలిచి ప్రభుత్వం తరఫున సుప్రీంకోర్టులో వాదించే సొలిసిటర్ జనరల్ పదవి ఇస్తానన్నారు. జీవితాంతం ఉండే జడ్జీ పదవిని, ఎక్కువ జీతాన్ని వదులుకొని ఈ పని తీసుకున్నారు. దానికీ సెనేట్ ఆమోదం కావలసి వచ్చింది, అదీ అయింది. 19 కేసులు వాదించి 14 గెలిచారు.

రెండవ పరీక్ష: 1967

1967 జూన్ 13న జాన్సన్ ఆయన పేరును సుప్రీంకోర్టుకు సూచించారు. జూలైలో కమిటీ విచారణ మొదలైంది. అదే నెలలో న్యూఆర్క్‌లో, డెట్రాయిట్‌లో ఘోరమైన అల్లర్లు జరిగాయి. పత్రికల నిండా మంటలు, కాల్పుల ఫోటోలు. అటువంటి వేళ ఒక నల్లజాతి మనిషి కమిటీ ముందు కూర్చున్నారు.

దక్షిణాది సెనేటర్లు నేరస్తుల వాంగ్మూలాల గురించి, పోలీసుల అధికారాల గురించి గుచ్చి గుచ్చి అడిగారు. కోర్టుకు రాబోయే విషయాలపై ముందే అభిప్రాయం చెప్పటం న్యాయమూర్తికి తగదని ఆయన మర్యాదగా చెప్పారు. మీకు దక్షిణాది తెల్లవారంటే ద్వేషం ఉన్నదా అని ఈస్ట్‌లాండ్ అడిగాడు. లేదన్నారు. తాను బాల్టిమోర్‌లో పెరిగినవాడినని, కాలేజీకి వెళ్ళే దాకా తెల్లవారి దగ్గరే పని చేశానని, తన వకాలత్ ఎక్కువగా దక్షిణాదిలోనే నడిచిందని శాంతంగా జవాబు చెప్పారు. టెనెసీ నది దారి చూసి వచ్చిన మనిషి నోటి నుండి వచ్చిన జవాబు ఇది!

ఇక సౌత్ కరోలినా సెనేటర్ థర్మండ్ అరవైకి పైగా ప్రశ్నలు కురిపించాడు. అన్నీ బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణ, సమాన రక్షణ ఇచ్చిన 14వ సవరణల చరిత్రలోని చిన్న చిన్న వివరాలు. వందేళ్ళ కిందటి కమిటీలో ఎవరెవరు కూర్చున్నారు, ఫలానా మాట ఎవరు చేర్చారు, ఇటువంటివి. ఆ 14వ సవరణ మీదనే జీవితమంతా వాదించి గెలిచిన మనిషిని అడిగే ప్రశ్నలు ఇవి! వాటిలో చాలా వాటికి మార్షల్ గారు తెలియదనే చెప్పారు. తెలిసినట్టు నటించలేదు, పేర్లు కల్పించలేదు, కంగారు పడలేదు. పరీక్షకు కూర్చునే పిల్లలారా, ‘తెలియదు’ అని గౌరవంగా చెప్పటం కూడా ఒక విద్య.

కమిటీ 11–5తో ఆమోదించింది. 1967 ఆగస్టు 30న సభలో ఓటింగు. అవునన్నవారు 69 మంది, కాదన్నవారు 11 మంది. ఆ వంద మంది సభలో నల్లజాతి సెనేటర్ ఒకే ఒక్కరు, మసాచుసెట్స్‌కు చెందిన ఎడ్వర్డ్ బ్రూక్. అంటే ఆయనను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన ఓట్లన్నీ దాదాపు తెల్లవారివే.

మేము పంతుళ్ళం, హాజరు పట్టీ చూడందే ఊరుకోం. 69, 11 కలిపితే 80. మిగతా 20 మంది ఏమయ్యారు? వారు ఓటే వేయలేదు. అవునంటే తమ ఊరి ఓటర్లకు కోపం. కాదంటే ఈ మనిషిలో ఏ లోపం చూసి కాదన్నావని లోకం అడుగుతుంది. లోపం చూపించలేరు. అందుకని గైర్హాజరు. అధ్యక్షుడు జాన్సన్ కూడా తన పలుకుబడి వాడి, ఒప్పుకోలేకపోతే కనీసం అడ్డు రావద్దని వారిని ఒప్పించారు.

నాకు ఈ 20 అంకె మీదనే ఎక్కువ ఆలోచన. పదమూడేళ్ళ కిందట బ్రౌన్ తీర్పు వచ్చినప్పుడు దక్షిణాది నాయకులు గొంతెత్తి తిరగబడ్డారు. ఇప్పుడు వారిలో చాలామంది నోరు మెదపకుండా బయట ఉండిపోయారు. అది వారి గుండె మారినందువల్ల అని నేను అనను. 1944లో టెక్సాస్‌లో గెలిచిన ఓటు హక్కు, 1965లో వచ్చిన ఓటు హక్కుల చట్టం, వీటి వల్ల ఓటరు జాబితాలో కొత్త పేర్లు ఎక్కుతున్నాయి. రేపు ఓటు అడగవలసిన మనుషులను ఈ రోజు అవమానించటం కష్టం. ఇందాక గుర్తు పెట్టుకోమన్న కేసు సంగతి ఇదే. వకీలుగా ఆయన నాటిన చెట్టు, జడ్జీగా ఆయనకే నీడ ఇచ్చింది.

కుర్చీ ఎక్కిన తరువాత

1967 అక్టోబరు 2న ఆయన న్యాయపీఠం మీద కూర్చున్నారు. 24 ఏళ్ళు పని చేసి 1991లో విరమించారు. 1993 జనవరి 24న కన్నుమూశారు.

కుర్చీ దొరికితే అన్నీ దొరికినట్టు కాదని కూడా చెప్పాలి. ఏళ్ళు గడిచే కొద్దీ కోర్టులో ఆయన ఆలోచనకు బలం తగ్గింది. 1973లో టెక్సాస్ నుండే మరో కేసు వచ్చింది. పేద వాడల్లో ఆస్తి పన్ను తక్కువ వస్తుంది కాబట్టి అక్కడి బడికి డబ్బు తక్కువ, ఇది అన్యాయం అని తల్లిదండ్రుల వాదన. కోర్టు 5–4తో ఆ వాదన తోసిపుచ్చింది. మార్షల్ గారు ఓడిన నలుగురిలో ఉండి, పొడుగైన అసమ్మతి తీర్పు వ్రాశారు. ఉరిశిక్ష కేసుల్లోనూ చివరి దాకా అసమ్మతే వ్రాశారు. ఓడిపోయినా కారణం వ్రాసి పెట్టటం ఆయన మానలేదు. రేపటి వకీలుకు పనికి వస్తుందని.

ఒకప్పుడు ఆయనకు తలుపు మూసిన మేరీలాండ్ లా కాలేజీ, 1980లో తన లైబ్రరీకి ఆయన పేరు పెట్టింది. ఆ ఉత్సవానికి ఆయన వెళ్ళలేదు. క్షమ వేరు, మరుపు వేరు అనుకున్నారేమో!

మనం తీసుకోవలసింది

చదువుకునే పిల్లలు మమ్మల్ని తరచు అడిగే మాట ఒకటుంది. ఇచ్చేవాడు ముందే ఇవ్వకూడదనుకుంటే మనం మెహనత్ చేసి ఏం లాభం, సార్? ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. మార్షల్ గారి విషయంలోనూ ఇవ్వకూడదని ముందే నిశ్చయించుకున్నవారు ఉన్నారు. ఆయన యోగ్యత వారిని మార్చలేదు. కాని వారి చేతిలో నుండి సాకులన్నీ లాగేసింది. చదువులో లోపం లేదు, కాగితంలో తప్పు లేదు, ప్రవర్తనలో మచ్చ లేదు. ఇక మిగిలినవి వందేళ్ళ కిందటి కమిటీ సభ్యుల పేర్లు అడగటం, లేదా సభలోకి రాకుండా ఉండటం. అప్పుడు న్యాయం పక్షాన నిలబడదలచిన 69 మందికి పని సులభమైంది.

రెండో మాట పెద్దలకు. ఆయన ఒంటరిగా గెలవలేదు. కుదువ పెట్టిన ఉంగరాలు ఉన్నాయి, కఠినమైన ఉస్తాద్ ఉన్నాడు, పని పోతుందని తెలిసీ సంతకం పెట్టిన తండ్రి ఉన్నాడు, నది దారిలో వెంటపడిన మిత్రులు ఉన్నారు. పిల్లవాడి తఖ్దీర్ అని మనం అనేదాంట్లో సగం చుట్టుపక్కలవాళ్ళ పట్టుదలే. ఫీజు కట్టే నెలలోనే కాదు, ఫలితం ఆలస్యమైన ఏడాది కూడా పిల్లల వెంట ఉండాలి. మార్షల్ గారిని సెనేట్ దాదాపు ఏడాది ఆపింది. మన ఇళ్ళలో అయితే రెండో నెలకే ‘చాల్లే, ఏదో దుకాణంలో కూర్చో’ అంటాం.

పిల్లలారా, మీలో ఎవరు వకీలు అవుతారో, ఎవరు జడ్జీ అవుతారో నాకు తెలియదు. కాని ప్రతివారూ ఏదో ఒకనాడు ఏదో ఒక కమిటీ ముందు కూర్చుంటారు. మీ కాగితం సరిగా ఉండాలి, మీ జవాబు నిజంగా ఉండాలి, మీ గొంతు శాంతంగా ఉండాలి. ఆ తరువాత ఎవరు అవునంటారో, ఎవరు కాదంటారో, ఎవరు బయటికి వెళ్ళిపోతారో అది వారి లెక్క. ఆ లెక్క కూడా రికార్డులో ఉండిపోతుంది.